పూజల నాటికి లేస్తుందన్నాను

పోయిన వారం కలకత్తా సాల్ట్ లేక్‌లో పళ్ళ డాక్టరుగారి కుర్చీలో వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, ఎదురుగోడకున్న టీవీని చూడక తప్పని స్థితిలో ఉన్నాను. అందులో ఒక నిపుణుడు దేశం ఈ మాంద్యంలోంచి ఎలా బయటపడుతుందో చెబుతున్నాడు. ఒక గీత గీసి, అది కిందికి దిగి, కాసేపు నేలమీద పాకి, తర్వాత బుద్ధిగా పైకెక్కి వెళ్ళిపోయేట్టు చూపించి, మరో ఆరు నెలలు ఓపిక పట్టమన్నాడు. నాకు అభ్యంతరం ఉంది గానీ నోట్లో డాక్టరుగారి రెండు చేతులూ ఒక గొట్టమూ ఉన్నాయి. ఆ గీతను ఒకప్పుడు నేనూ గీశాను, ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లో మా లైను గోడ మీద, బొగ్గుముక్కతో. ఆయనకు టై ఉంది, నాకు లేదు. అంతకుమించి తేడా ఏమీ కనిపించలేదు.

లైనంటే ఒకే రేకు కప్పు కింద వరుసగా ఇరవై గదులు. అన్నిటిలోనూ శ్రీకాకుళం వైపు నుంచి డాక్‌లో మూటలు మొయ్యడానికి వచ్చిన కుటుంబాలే. మా నాన్న కూడా అందులో ఒకడు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే కూలీల మేస్త్రీ అయిన సర్దారు పేర్లు పిలుస్తాడు. పేరొస్తే పని, రాకపోతే ఇంటికి. ఎనభైల్లో, ఎర్రజెండాల ఊరేగింపులూ కరెంటు కోతలూ మన వయసువాళ్ళందరికీ సమానంగా పంచిపెట్టిన ఆ రోజుల్లో, పిలిచే పేర్లు తగ్గిపోయాయి. జనపనార మిల్లుల గేట్లకు తాళాలు పడ్డాయి, మిల్లుల్లోంచి రావలసిన బేళ్ళు రావడం మానేశాయి, మా వాళ్ళు వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చి గుమ్మాల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. గుమ్మంలో కూర్చున్న మగవాడు ఆ ఇంటికి అడ్డమే గనుక ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని ఒక ప్రక్కకు తిరిగి లోపలికి వెళ్ళేవారు.

సరిగ్గా అప్పుడే నేను ఎకనామిక్స్‌లో బి.ఏ. పాసై, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకుని, ఏ పనీ లేకుండా ఉన్నాను. లైను మొత్తానికి నేనే మొదటి గ్రాడ్యుయేటుని. ఒళ్ళు నొప్పులకు డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు దేశం నొప్పులకు నా దగ్గరికి రావడం వాళ్ళకు న్యాయంగానే తోచింది. పక్కగదిలో ఉండే బాబాయి, అంటే వరస కలుపుకున్న బాబాయి, మొదటిసారి అడిగాడు: "ఏటి బాబూ, ఇంత సదువు సదివినావు గదా, డాకు ఎప్పుడు లెగుస్తాదంతావు?" తెలియదని చెప్పవలసింది. కానీ మూడేళ్ళు నాన్న మూపు మీద కూర్చుని చదివినవాడు తెలియదని ఎలా చెబుతాడు? పాఠ్యపుస్తకంలో ఉన్న గీతను గోడ మీద గీశాను. పడినది లేవక తప్పదని పుస్తకంలో ఉంది. ఎప్పుడో మాత్రం లేదు.

ఆ ఎప్పుడో కనిపెట్టడానికి రోజూ సాయంత్రం ఘాట్‌కి వెళ్ళి నదిలో లంగరేసిన ఓడలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదటి వారం నాలుగు. తర్వాత ఏడు. నెల తిరిగేసరికి పదకొండు. శాస్త్రమంటే ఇదే అనుకున్నాను. ఒక సాయంత్రం చాయ్ దుకాణం బల్ల మీద, చాయ్ మట్టిముంత చేత్తో పట్టుకుని, దుర్గాపూజల నాటికి డాక్ లేస్తుందని ప్రకటించాను. దుకాణం నడిపే బెంగాలీ దాదా ఆ పూట నా దగ్గర డబ్బు పుచ్చుకోలేదు; ఆర్థిక శాస్త్రం వల్ల నేను పొందిన మొదటి ఆదాయం అది. నాన్న బల్ల చివర కూర్చుని విన్నాడు. ఆయన మామూలుగానే ఏమీ అనడు కాబట్టి నేను పట్టించుకోలేదు.

చిక్కేమిటంటే, ఆ వారమే విశాఖ నుంచి మేనమామ ఉత్తరం రాసి ఉన్నాడు. అక్కడ ఒక కొత్త కర్మాగారం కడుతున్నారనీ, బరువులెత్తే పని తెలిసినవాడికి ఒక్క చోటు పట్టి ఉంచాననీ, ఉండడానికి గది కూడా ఇస్తారనీ, నెలలోగా వచ్చి చేరాలనీ. అమ్మ అప్పటికే పెద్దగిన్నెలు గోనెలో కట్టేసింది. నేను ప్రకటన చేసిన మర్నాడు నాన్న గేటు నుంచి వచ్చి, కండువాతో మొహం తుడుచుకుని, "బాబు పూజలకల్లా లెగుస్తాదంతున్నాడు గదా. ఎల్లడమెందుకు?" అన్నాడు. అమ్మ గోనె ముడి విప్పుతూ నా వైపు చూసింది. "పూజలంటే ఏ పూజలు బాబూ? ఈ ఏటివేనా?"

ఈ ఏటివేనన్నాను. నిజం చెప్పాలంటే నాకూ విశాఖ వెళ్ళాలని లేదు. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు.

వారం తిరక్కుండా బాబాయి కుటుంబాన్ని తీసుకుని చెప్పాపెట్టకుండా విశాఖ వెళ్ళిపోయాడు. మా నాన్న వదిలేసిన చోటులోకే వెళ్ళాడని తర్వాత తెలిసింది. గీత పైకెక్కబోయే ముందు దిగిపోయిన తొందరమనిషని నేను చాయ్ దుకాణంలో నాలుగు జోకులు వేశాను, అందరూ నవ్వారు, నాన్న తప్ప.

పూజలు వచ్చాయి. పందిళ్ళు లేచాయి, పూజల డోలు ఢాక్ మోగింది, డాక్ మాత్రం లేవలేదు. నేను గడువును కాళీపూజకు జరిపాను. తర్వాత సరస్వతీ పూజకు జరిపాను; చదువుల తల్లి గనుక నా పక్షం వహిస్తుందనుకున్నాను. ఈ ఊళ్ళో పూజలకు కొదవ లేకపోవడం జోస్యం చెప్పేవాడికి పెద్ద సౌకర్యం. కానీ నేను చాయ్ దుకాణం ముందునుంచి వెళ్ళడం మానేసి వెనక సందులోంచి తిరగసాగాను. అక్కడా ఎవరో ఒకరు "ఏటి బాబూ, ఏ పూజకంట?" అనేవారు. గోడ మీది గీత చెరపడానికి పోతే బొగ్గు ఇంకా విస్తరించింది. విశాఖలో చోటు పోయింది, ఊళ్ళో భూమి లేదు, ఇక్కడ పని లేదు. నాన్న మాత్రం రోజూ తెల్లవారకముందే లేచి, కండువా భుజాన వేసుకుని, గేటు దగ్గర నిలబడి, పేరు రాకపోతే ఎనిమిదింటికల్లా తిరిగొచ్చి గుమ్మంలో కూర్చునేవాడు. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది; ఏదో ఒక పూజ చెప్పేవాణ్ణి.

డాక్ ఆ తర్వాతా లేవలేదు. మనుషులు మొయ్యవలసిన మూటలు పెద్దపెద్ద ఇనుపపెట్టెల్లోకీ, ఆ పెట్టెలు నది దిగువన కొత్త రేవుకీ వెళ్ళిపోయాయి. నాకు ఒక ఆఫీసులో గుమాస్తాగిరీ దొరికింది. నాన్న ఒళ్ళు సహకరించినంత కాలం పిలుపు కోసం నిలబడ్డాడు.

పన్నెండేళ్ళ తర్వాత బాబాయి కూతురి పెళ్ళికి నేనొక్కణ్ణీ విశాఖ వెళ్ళాను. మేడ కట్టుకున్నాడు, మనిషి నిండుగా ఉన్నాడు. భోజనాలయ్యాక నేను నవ్వులాటకే, ఆ రోజు నా మాట వినకుండా ఎలా వచ్చేశావని అడిగాను. తాంబూలం నములుతూ అతను చెప్పిన జవాబు నేనింకా నములుతూనే ఉన్నాను.

"మీ అయ్యే పంపినాడురా. నన్ను ఘాటుకు తీసుకెల్లి సూపించినాడు. ఓడల ఎర్ర కడుపులు నీటి పైకే ఉన్నాయి, సరుకు లేదు. ఆ ఎరుపు మీద నాచు ఎండి తెల్లబడిపోనాది, అంటే నెలల తరబడి కదల్లేదు. రావడమే గానీ పోవడం లేదు, అందుకే పెరుగుతున్నాయి, ఇది లేవదు, నువ్ ఎల్లిపో అన్నాడు."

మరి నాన్న ఎందుకు రాలేదన్నాను.

"అడిగినాను. మా గుంటడు పదిమందిలో మాటిచ్చినాడు, అయ్యే నమ్మలేదంటే లైనులో ఆడు మొకమెలా ఎత్తుకుంటాడు, అన్నాడు."

నేను ఓడలు లెక్కపెట్టాను, రంగు చూడలేదు. ఊరంతా జెండాల ఎరుపే ఉన్న కాలంలో ఓడ కింది ఎరుపును ఎవరు పట్టించుకుంటారని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది అంత గొప్ప సమర్థన కాదు. కలకత్తా తిరిగొచ్చాక నాన్నను ఏమీ అడగలేదు. ఆయనా పెళ్ళిలో ఏం వడ్డించారనే అడిగాడు. చెప్పాను.

డాక్టరుగారు గొట్టం తీసి, నోరు మూసుకోవచ్చన్నారు. అప్పటికి నిపుణుడు వెళ్ళిపోయి సబ్బు ప్రకటన వచ్చింది. ఇంటికి వచ్చే దారిలో ఘాట్ దగ్గర దిగాను. ఓడ ఒక్కటీ లేదు, నది దాటించే పడవ ఒకటి పోతోంది, దాని అడుగు ఏ రంగో చూశాను, అలవాటు కొద్దీ. ఇప్పుడు జోస్యం తప్పితే జనం మరో ఛానల్ పెట్టుకుంటారు, జోస్యం చెప్పినవాడు మరో గీత గీసుకుంటాడు, ఎవరికీ ఏమీ కాదు, అది మంచిదే. మా కాలంలో తప్పిన జోస్యాన్ని ఒక మనిషి, తప్పుతుందని ముందే తెలిసి, రోజూ తెల్లవారకముందే లేచి గేటు దాకా మోసుకెళ్ళి, ఎనిమిదింటికి మళ్ళీ ఇంటికి మోసుకొచ్చేవాడు.