దండాసి ఇరవై నంబరు గాలం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఒకవేళ ఉన్నా నాలాంటి నోటి దురుసు మనిషి జోలికి రావని ధైర్యం. అలాంటి నేనే, కరెంటు పోయి ఫ్యాను ఆగిన మధ్యాహ్నాల్లో, నాతో పనిచేసే తాయారప్పకి ఎదురుగా ఉన్న కుర్చీ వైపు చూడకుండా తల వంచుకుని పని చేసుకునేదాన్ని. ఆ కుర్చీ ఆమె మొగుడు దండాసిది. అతను పోయి అప్పటికే ఏడాది దాటింది.

నది ఒడ్డున, అహ్లోన్ రేవుకి దగ్గరగా ఒక పాత చెక్క మేడ ఉంది. దాని పై అంతస్తులో నడిచే చిన్న కార్ఖానా మాది. ట్రౌట్ అనే చేపని గాలమేసి పట్టే విదేశీయుల కోసం ఉత్తుత్తి పురుగులు కడతాం. ఆ చేప చల్లటి కొండవాగుల్లో ఉంటుందట. మాలో ఎవరూ దాన్ని చూసిన పాపాన పోలేదు. దానికి ఇష్టమైన తిండి మిడ్జి, అంటే దోమ కంటే చిన్న పురుగు. గాలానికి దారం చుట్టి, కోడి ఈక పీచు ఒకటి కట్టి, చేప కంటికి అది మిడ్జే అనిపించేలా చెయ్యాలి. యజమానురాలు డా ఖిన్ ఆర్డర్లు తెస్తుంది, తాయారప్ప కడుతుంది, ఉన్నన్నాళ్లూ దండాసీ కట్టేవాడు, నేను పెట్టెల్లో సర్దుతాను.

ఈ పనిలో చిక్కంతా గాలం నంబరులోనే ఉంది. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. పద్దెనిమిది పెద్దది, ఇరవై దానికంటే చిన్నది, ఇరవై రెండు ఇంకా చిన్నది. ఆ పై నంబర్ల దగ్గర గట్టిగా ఊపిరి వదిలితే గాలం ఎగిరిపోతుంది. వాగులో పురుగు ఎంతుంటే మనం కట్టేదీ అంతే ఉండాలి. పెద్దదైతే చేప మొహం తిప్పుకుంటుంది. గాలం మరీ చిన్నదైతే నోట్లోంచి జారిపోతుంది. దీనికి దండాసి తనదైన దారి పట్టాడు. ఇరవై రెండు అడిగితే ఇరవై తీసి, గాలం కాడకి సగం దాకానే దారం చుట్టి, మిగతా సగం బోడిగా వదిలేసేవాడు.

"సూపుకి ఇరవై రెండు, పట్టుకి ఇరవై. సేపకేటి తెలుస్తాది?" అనేవాడు.

గాలాన్ని బొటనవేలి గోటి మీద పెట్టి నంబరు చెప్పేవాడు. పెద్ద చెయ్యి, వెడల్పాటి గోరు. తాయారప్పకి పని నేర్పిందీ ఆ గోటి కొలతతోనే.

ఒక్క సంగతి మాత్రం అతనికి మింగుడు పడేది కాదు. ఆ విదేశీయులు చేపని పట్టి, ఫోటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. గాలం సులువుగా ఊడి రావాలంటే, మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని పటకారుతో నొక్కి చదును చెయ్యాలి. "పట్టినోడు ఒగ్గీడమేటి? మరెందుకు పట్టినట్టు?" అని గొణుగుతూ ఆ నొక్కే పనంతా పెళ్లాం మీదకి తోసేవాడు.

రెండేళ్ల కిందటి వానల్లో ఈకల కోసం నది అవతలి ట్వంటే వెళ్లాడు. అక్కడి పల్లెల్లో మంచి పుంజు ఈకలు దొరుకుతాయి. తిరిగొచ్చేటప్పుడు గాలివానకి అతనెక్కిన సంపాన్ పడవ నది మధ్యలో బోల్తా పడింది. మిగతావాళ్లందరూ దొరికారు. అతను దొరకలేదు. ఈకల సంచీ మాత్రం తేలుతూ ఒడ్డుకొచ్చింది.

ఒళ్లు దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి, దానికి దహనం చెయ్యాలి. దండాసి తమ్ముడు బుల్లియ్య వచ్చినప్పుడల్లా అదే మాట ఎత్తేవాడు.

"అన్న అటూ ఇటూ కాకండా తిరుగుతన్నాడు వదినా. బొమ్మ సేసి సాగనంపుదుమా?"

ఆమె ఒప్పుకునేది కాదు. కారణం నాకొక్కదానికే చెప్పింది. "బొమ్మ కాల్చీసినాక ఇక్కడికి రాడు గదే మల్లికా."

దండాసికి ఒక అలవాటుండేది. గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే వైస్‌లో బిగించాక, సరిగ్గా బిగిసిందో లేదోనని వైస్ పిడిని గోటితో రెండుసార్లు కొట్టేవాడు. ఫ్యాను ఆగితే ఆ టక్ టక్ ఖాళీ కుర్చీ దగ్గర్నుంచి వినిపించేది. ఒక్కోసారి తడిసిన ఈకల వాసన కూడా వచ్చేది. పాత చెక్క, ఎండకి విరుచుకుంటోందని నాకు నేనే చెప్పుకునేదాన్ని. తాయారప్ప మాత్రం తలెత్తి, సిగ్గుపడుతున్న కొత్త పెళ్లికూతురిలా నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది, భయమూ వేసేది.

మొన్న చలికాలంలో ఒక ఆర్డరొచ్చింది. గాలం నిజంగా ఇరవై రెండే ఉండాలి, కాడ చివరిదాకా చుట్టాలి, సగం చుట్టినవైతే వెనక్కి పంపుతాను అని కొనేవాడు కచ్చితంగా రాశాడు. తాయారప్ప సరేనంది. సాయంత్రం పెట్టె మూత తీసి చూస్తే అన్నీ ఇరవైలే. ఒక్కదానికీ చివరిదాకా దారం లేదు.

"ఏటిది అప్పా?"

"ఇరవై రెండే తీసినానే. గోటి మీద ఎట్టి మరీ సూసినాను."

"ఎవరి గోటి మీద?"

ఆమె తన బొటనవేలు ముందుకు చాపి చాలాసేపు చూసుకుంది. చిన్న చెయ్యి, సన్నటి గోరు. దాని మీద ఇరవై నంబరు గాలం పెద్దగానే కనిపించాలి.

"ఆయన గోరే కనపడతాది నాకు," అంది. "సగందాకా సుట్టీసరికి సాలంటాడు. సెయ్యి ఆగిపోతాది."

నాకిక కోపం ఆగలేదు. "ఆయన్ని నువ్వు కూకోబెట్టినావో, నిన్ను ఆయన కూకోబెట్టినాడో నాకు తెల్దు గానీ, నీ గోరు నీకే కనపడకండా పోయింది," అన్నాను.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగింది. ఎదుటి కుర్చీ దగ్గర టక్ టక్ మంది. నేను ఉలిక్కిపడడం తాయారప్ప చూసింది.

"నీకూ ఇనపడతందేటి?"

అబద్ధం ఆడాలనుకున్నాను, నోరు రాలేదు. "ఇనపడతంది," అన్నాను.

ఈసారి ఆమె నవ్వలేదు. అన్నాళ్లూ ఆ చప్పుడు తన మనసులోదేనని ఆమెకొక ఓదార్పు ఉండేదేమో. నా మాటతో అది పోయింది. కుర్చీ వైపు తిరిగి, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"తడి బట్టలతోటి కూకున్నాడే," అంది. "ఆ రోజు నుంచీ అలాగే కూకున్నాడు. నానే ఎల్లనివ్వనేదు."

ఆ అమావాస్యకి, పొద్దున్నే, నది ఒడ్డున పంతులు దర్భ బొమ్మ కట్టాడు. పోయినవాడికి ఇష్టమైనదేదైనా ఉంటే బొమ్మ చేతిలో పెట్టమన్నాడు. తాయారప్ప కొంగు ముడి విప్పి ఒక గాలం తీసింది. ఇరవై నంబరు, సగం దాకా నల్లదారం, మిగతా సగం బోడి. అచ్చం దండాసి కట్టినట్టే ఉంది. అది చూసి బుల్లియ్య కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె దాన్ని వెంటనే పెట్టలేదు. వెంట తెచ్చుకున్న పటకారుతో మొన దగ్గరి ముల్లుని పట్టుకుని గట్టిగా నొక్కింది.

"అన్నకి అది ఇష్టం నేదు గదా వదినా," అన్నాడు బుల్లియ్య.

"నాకూ ఇష్టం నేదు," అంది ఆమె. "గుచ్చుకోకండా ఊడిపోవాల."

ఆ గాలాన్ని బొమ్మ చేతిలో పెట్టి వెనక్కి జరిగింది. దర్భలు కాబట్టి ఎంతోసేపు కాలలేదు. బూడిదని బుల్లియ్య నదిలో కలిపాడు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇద్దరం చేతులు ఆపి కూర్చున్నాం. రేవులో పడవ మోటారు, కాకుల గోల వినిపించాయి. ఇంకేమీ వినిపించలేదు. తాయారప్ప డబ్బాలోంచి ఒక గాలం తీసి, తన గోటి మీద పెట్టుకుని చూసి, వైస్‌లో బిగించి, కాడ చివరిదాకా దారం చుట్టి నాకిచ్చింది. ఇరవై రెండే. వంక పెట్టడానికేమీ లేదు.

"ఒగ్గేసినాను మల్లికా," అని బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఈకల సంచీ ఒడ్డుకొచ్చిన రోజు కూడా ఆమె అంతలా ఏడవలేదు. నేను లేచి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

దయ్యాలంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఎదురుగా ఉన్నది ఖాళీ కుర్చీయే. ఆ అమావాస్య దాకా మాత్రం అది ఖాళీగా లేదు.