ముప్పై ఒక్క సూదుల సరంగు

ఎదెల్మీరా నవెల్కీన్ పడవలో నేను పదకొండేళ్లుగా రోజూ జలసంధి దాటుతున్నాను. ఇల్లు ఇవతలి ఒడ్డున, నేను పాఠాలు చెప్పే బడి అవతలి దీవిలో. ఇరవై నిమిషాల ప్రయాణం. ఆ పడవలో బంగాళాదుంపల బస్తాలు, గ్యాసు బండలు, గొర్రెలు, నెలలు నిండిన ఆడవాళ్లు, అన్నీ, అందరూ ఎక్కుతారు. పడవ పేరు పోర్ఫియాదా, అంటే మొండిది. ఎదెల్మీరా నాన్న బతికుండగా పెట్టిన పేరు. ఆ పేరు పడవకన్నా కూతురికే బాగా నప్పిందని మా చిలోయే దీవుల్లో అందరూ అంటారు.

పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, నేను చెప్పబోయేది జరిగేనాటికి ముప్పై ఎనిమిదేళ్లు. ఆమె బలమంతా నుదుట్లోనే ఉండేది. కనుబొమలు దగ్గరికి లాగి ఒక్క చూపు చూసిందంటే తాగి పడవెక్కినవాడు కూడా నోరెత్తకుండా లైఫ్ జాకెట్ తొడుక్కునేవాడు.

పడవ నడిపేది ఆమే. కానీ కాగితాల మీద సరంగు ఆమె పెదనాన్న కొడుకు లదిస్లావో. లైసెన్సు అతనిది, చుక్కాని ఆమెది. అతను పక్కనుంటే చాలు కాబట్టి బల్ల మీద కూర్చుని మాతే ఆకు టీ పీలుస్తూ జోకులేస్తుండేవాడు. ఆమె సరంగు పరీక్షకు రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ పరీక్ష రోజు పొద్దున్నే తలనొప్పి వచ్చి మంచం మీదే ఉండిపోయింది.

తలనొప్పి అని తేలిగ్గా అనేశాను గానీ, అది అలాంటిలాంటిది కాదు. ముందు ఎడమ కంటి మూలన పగిలిన అద్దంలా ఏదో మెరిసేది. తరవాత సగం చూపు చెదిరిపోయేది. అరగంటకు కణతలో సుత్తి మొదలయ్యేది, డీజిలు వాసన తగిలితే కక్కేది. మా దీవుల్లో ఏడాదిలో ముప్పాతిక రోజులు వానే. కాస్త ఎండ వస్తే ఊరంతా బయటికొచ్చి మొహాలు పైకెత్తి నిలబడుతుంది. ఎదెల్మీరా మాత్రం ఎండను తిట్టేది. నీళ్ల మీద తళతళ చూసిందంటే సాయంత్రానికి చీకటి గదిలో ఉండాల్సిందే.

వాళ్లమ్మ ఓతీలియాదీ అదే జబ్బు. ఆమెకు అప్పటికి డెబ్బై ఒకటి. నలభై ఏళ్లపాటు నెలలో సగం రోజులు కణతల మీద బంగాళాదుంప చక్రాలు పెట్టుకుని, వాటి మీద గుడ్డ బిగించి, కిటికీ మూసుకుని పడుకుంది. కూతురికీ అదే వైద్యం చేసేది. "మన ఆడాళ్ల వాటా ఇది. మా అమ్మకుంది, నాకుంది, నీకొచ్చింది. పడుకో, పోతుంది," అనేది.

ఆ నవంబరులో ఒకరోజు పొద్దున ఎండ విరగ్గాసింది. పడవలో పధ్నాలుగు మందిమి ఉన్నాం. సగం దూరం వచ్చాక పడవ ఒక్కసారి దడదడలాడి ఆగిపోయింది. ఆల్చిప్పల పెంపకందార్లు నీళ్లలో వరసగా వదిలే నల్ల డబ్బాల మీదికి ఎక్కేశాం. వాటిని కట్టిన తాడు మోటారు పంకాకు చుట్టుకుంది. లదిస్లావో చొక్కా విప్పి కత్తి నోట కరుచుకుని ఆ చల్లటి నీళ్లలో దిగి తాడు కోశాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

"మోటారు పాతదైపోయింది, మాట వినట్లేదు," అన్నాడు అతను పైకొచ్చి, పళ్లు టకటకలాడుతుంటే. చెల్లెల్ని కాపాడబోయాడు.

"మోటారు బాగానే ఉందన్నా. డబ్బాలు నాకు కనిపించలేదు," అంది ఎదెల్మీరా అందరికీ వినపడేలా. "ఎడమవైపు నాకేమీ కనిపించట్లేదు. నువ్వొచ్చి పట్టుకో."

చుక్కాని వదిలి వెనక్కి వెళ్లి తాళ్ల పక్కన కూర్చుంది. మర్నాడూ అక్కడే కూర్చుంది. ఆ వారమంతా అక్కడే. పడవ రేవుకు చేరినప్పుడల్లా తాడు విసరడం, సామాను దించడం మాత్రం చేసేది.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. "డాక్టరుకు చూపించావా?"

"అమ్మకు ఇది నలభై ఏళ్లపాటు ఉంది మాస్టారూ. డాక్టరేం చేస్తాడు?"

"మీ అమ్మ చూపించుకుందా?"

ఆమె నావైపు తిరిగి కనుబొమలు దగ్గరికి లాగింది. కానీ ఆ నెల వైద్యుల బృందం మా దీవికి వచ్చినప్పుడు వరసలో అందరికన్నా ముందు నిలబడింది ఎదెల్మీరాయే. వాళ్లు చీటీ రాసి కాస్త్రో పట్నంలో నరాల డాక్టరు దగ్గరికి పంపారు.

ఆ డాక్టరమ్మ పేరు బియాంకా ఒయార్సో. ఆమెదీ మా దీవులే, మాట కరుకు, మనసు మంచిది. ఎదెల్మీరా తన ఆటుపోట్ల పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఏ రోజు ఎన్నింటికి పోటు వస్తుందో అచ్చేసిన ఆ చిన్న పుస్తకంలో, తలనొప్పి వచ్చిన రోజు పక్కన పెన్సిలుతో గీత పెట్టుకునే అలవాటు ఆమెకు. డాక్టరమ్మ గీతలు లెక్కపెట్టింది. నెలకు పంతొమ్మిది.

"నొప్పి మాత్రలు ఎన్నాళ్లకోసారి మింగుతున్నావు?"

"రోజూ."

"మరి అదే. నీకున్నవి రెండు తలనొప్పులమ్మాయ్. ఒకటి మీ అమ్మ ఇచ్చింది. రెండోది రోజూ మింగే ఈ మాత్రలే ఇచ్చాయి. వచ్చాక తగ్గించడం కాదు, అసలు రాకుండా చూడాలి మనం."

నొప్పి మాత్రలకు హద్దు పెట్టి, రాకుండా ఆపే మందులు మొదలుపెట్టింది. మొదటిది వేసుకుంటే ఎదెల్మీరా పడవలో కూర్చునే నిద్రపోయేది. దాన్ని మాన్పించి ఇంకోటి ఇస్తే మాటలు మరిచిపోవడం మొదలైంది. "అదీ... అదీ... నీళ్లలో వేస్తామే, ఇనుముది, బరువుగా," అని లంగరు కోసం చేతులు తిప్పుతుంటే లదిస్లావో నవ్వబోయి ఆమె కళ్లు చూసి ఆగిపోయాడు.

మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ సూదుల సంగతి చెప్పింది. నుదుట, కణతల్లో, తల వెనక, మెడ మీద, భుజాల మీద మొత్తం ముప్పై ఒక్క సన్న పోట్లు. పన్నెండు వారాలకోసారి. మందు పేరు బొటాక్స్.

ఈ సంగతి దీవికి ఆమెకన్నా ముందే చేరింది. సినిమా తారలు ముడతలు పోవడానికి పొడిపించుకునే మందని అందరికీ తెలుసు.

"ఏంటి చెల్లీ, సీరియల్లో వేషం ఇచ్చారంటగా?" అన్నాడు లదిస్లావో. "నాక్కూడా ఓ రెండు పొడిపించు. మా ఆవిడ నన్ను చూడటం మానేసి చాలా కాలమైంది."

"నీ మొహానికి సూది చాలదన్నా, ఇస్త్రీపెట్టె కావాలి."

పడవంతా ఘొల్లుమంది. చాలా వారాల తరవాత ఆ రోజు ఆమె కూడా నవ్వింది.

మొదటి విడతకు తోడుగా నేనే వెళ్లాను. కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్లు మూసుకుంది. ఒక్కో పోటుకు మా జలసంధిలోని ఒక్కో రేవు పేరు చెప్పుకుంటూ పోయింది, ఉత్తరం నుంచి దక్షిణానికి. ఇరవై నాలుగో పోటుకు రేవులు అయిపోయాయి. "ఇక తిరిగొచ్చేయ్," అంది డాక్టరమ్మ సూది ఆపకుండానే. అటునుంచి ఇటు చెప్పుకుంటూ వచ్చింది. పావుగంటలో అంతా అయిపోయింది.

పదిరోజులకు ఎడమ కనురెప్ప సగానికి వాలిపోయింది. మెడ పట్టేసింది. ఆ నెల తలనొప్పులు పంతొమ్మిది నుంచి పదహారుకు దిగాయి, అంతే. ఓతీలియా కూతురి మొహం చూసి, "చూశావా? దేవుడిచ్చిన మొహాన్ని పాడు చేసుకున్నావు," అంది.

"ఇక వెళ్లను మాస్టారూ," అంది ఎదెల్మీరా రేవులో తాడు చుడుతూ. "ఒంటికన్ను సరంగును ఎవరు నమ్ముతారు?"

డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పింది కూడా. అవతలి నుంచి వచ్చిన జవాబు పక్కనున్న నాకు వినిపించింది. "రెప్ప కొన్ని వారాల్లో లేస్తుంది. ఈసారి అక్కడ కాస్త పైకి పొడుస్తాను, అది నా పని. ఒక్క విడత చూసి తేల్చేది కాదిది. ఇంకోసారి వచ్చి కూర్చోవడం నీ పని. నీ పడవకు ఆ పేరు ఊరికే పెట్టారా?"

రెప్ప చెప్పినట్టే లేచింది. ఆమె వెళ్లింది. రెండో విడత తరవాత గీతలు పదకొండయ్యాయి. మూడోది అయ్యాక ఆరు. ఆ ఆరు కూడా పూర్వంలా సుత్తి దెబ్బలు కావు, ఒక మాత్రకు లొంగేవి. పడవ ఆగిపోయి ఏడాది దాటాక, ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఎండ నీళ్ల మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతుంటే, ఆమె టోపీ కూడా లేకుండా ముందు భాగంలో నిలబడి చూస్తోంది. "ఇంత బాగుంటుందా ఇది?" అంది, ఎవరితోనూ కాదు.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది. నుదురు కదలడం మానేసింది. దోన్ ఎవరిస్తో అని ఒక ముసలాయన అడక్కుండా రెండు గొర్రెల్ని పడవెక్కించి మనుషుల బల్ల మీద కట్టేశాడు. ఎదెల్మీరా ఆయన ముందు నిలబడి పాత చూపు చూసింది. మొహం అద్దంలా నున్నగా ఉంది.

"ఏమ్మా, నా గొర్రెలు బాగున్నాయా?" అన్నాడాయన ముచ్చటపడి.

"బాగాలేవు తాతా! దింపు వాటిని! నాకిప్పుడు కోపం వచ్చింది, కనపడట్లేదు గానీ చాలా వచ్చింది!"

అప్పటినుంచి మనసులో ఉన్నది నోటితోనే చెప్పడం నేర్చుకుంది. ఆమె మాటలు మా అందరికీ కొత్త. ముప్పై ఎనిమిదేళ్లుగా నుదుటితో సరిపెట్టిన మనిషిలో అంత మాట ఉందని ఎవరికి తెలుసు?

మార్చిలో మూడోసారి పరీక్షకు దరఖాస్తు పెట్టింది. రాతపరీక్షకు బడిలో నా బల్ల దగ్గరే చదివింది. నడిపే పరీక్ష రోజు గాలి వాయవ్యం నుంచి గట్టిగా వీస్తోంది. పరీక్షాధికారి పడవను పక్కరేవుకు తీసుకెళ్లి గట్టుకు తగలకుండా ఆపమన్నాడు. ఆపింది. అలలకు ఎదురుగా వెనక్కి తిప్పమన్నాడు. తిప్పింది. ఆయన కాగితం మీద సంతకం పెడుతూ, "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?" అని అడిగాడు.

"తలనొప్పండీ," అంది.

ఆ ఆదివారం వాళ్లింట్లో పొయ్యి మీద బంగాళాదుంప రొట్టెలు కాలుతున్నాయి. చుట్టాలంతా చేరి లైసెన్సు చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు. ఓతీలియా చేతికి వచ్చేసరికి ఆమె దాన్ని చూడకుండానే బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు."

"చెప్పమ్మా. నా మొహంలాగే నీ మొహమూ కదలట్లేదు."

ముసలావిడ పొయ్యి వైపు తిరిగింది. "నాకీ జబ్బు అరవయ్యోయేట తగ్గిపోయిందే. ఇప్పుడు నాకే సూదీ అక్కర్లేదు. మా చెల్లెలి పెళ్లికి పక్కగదిలో పడుకుని గోడ అవతల డాన్సు విన్నాను. నువ్వు మొదటి అడుగు వేసింది నాకు మీ నాన్న వచ్చి చెప్పాడు. పడుకో పోతుందని మా అమ్మ నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. మందుతో పోయేదని తెలిస్తే లేచి డాక్టరు దగ్గరికి వెళ్లేదాన్ని కాదటే? నా రోజులు నాకెవరిస్తారు?"

ఎదెల్మీరా లేచి వెళ్లి తల్లి పక్కన బల్ల మీద ఇరుక్కుని కూర్చుంది. లదిస్లావో రొట్టెలు మాడకుండా తిరగేశాడు. కాసేపయ్యాక ఓతీలియా లైసెన్సు వెల్లకిలా తిప్పి, ఫొటో మీద వేలు పెట్టి, "ఇందులో నవ్వి ఉండాల్సింది," అంది.

ఇది రెండేళ్ల కిందటి మాట. ఎదెల్మీరాకు ఇప్పటికీ నెలలో నాలుగైదు రోజులు తల నొస్తుంది. ఆ రోజు చుక్కాని లదిస్లావోది. ఈ నియమం ఆమె తనకు తానే పెట్టుకుంది, ఒక్కసారి కూడా తప్పలేదు. పన్నెండు వారాలకోసారి కాస్త్రోకు వెళ్లి ముప్పై ఒక్క సూదులు పొడిపించుకుని సాయంత్రం పడవ సమయానికి వచ్చేస్తుంది.

పోయిన నెల అలా కాస్త్రోకు బయల్దేరినప్పుడు పడవలో ఓతీలియా కూడా ఉంది. పక్కన, డాక్టరమ్మకు చూపిద్దామని ఆమె పొరుగు దీవి నుంచి వెంటబెట్టుకొచ్చిన ఒక నడివయసు టీచరమ్మ, కళ్లకు నల్ల అద్దాలు, ఒళ్లో ప్లాస్టిక్ సంచి, ఏ క్షణాన వాంతి వస్తుందోనని. ఈమధ్య ఓతీలియా ఇలాంటివాళ్లను వెతికి పట్టుకుంటోంది. చర్చి దగ్గర, సంతలో, ఎవరు కణత నొక్కుకున్నా వదలదు.

"ఎన్నాళ్లుగా?" అని అడుగుతోంది ఆమెను.

"పదేళ్లు. అయినా ఇది మా వంశంలోనే ఉందండీ, ఏం చేస్తాం?"

"నోర్ముయ్. నెలకెన్ని రోజులో చెప్పు. డాక్టరమ్మ మొట్టమొదట అదే అడుగుతుంది, వేళ్ల మీద లెక్కపెట్టి ఉంచుకో." ఓతీలియా ముందుకు తిరిగి కూతురికి కేకేసింది. "ఏమే, నెమ్మదిగా పోనీ! ఇక్కడ ఒళ్లు బాగాలేని మనిషుంది!"

"అలాగేనమ్మా," అని ఎదెల్మీరా మోటారు తగ్గించి, పడవను అలకు ఏటవాలుగా తిప్పింది.