ఆంటీ అంటే ఏమవుతారు?

అమెరికాలో పార్సిప్పనీ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళుండే అపార్ట్‌మెంట్ల నుంచి ఏ కేసు వచ్చినా నేను పనిచేసే ప్రభుత్వ పిల్లల సంరక్షణ ఆఫీసులో నన్నే పిలిచేవారు. తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు కాస్త గొప్పగానే ఉండేది, దాచడమెందుకు.

ఉద్యోగాలు టపటపా ఊడుతున్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఆరేళ్ళ పాపను ఆఫీసుకు తీసుకొచ్చారు. వాళ్ళ నాన్న వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడు. వాళ్ళమ్మ ఆ బెంగతో తిండీ నిద్రా మానేసి, ఆ పొద్దున స్పృహ తప్పి పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. ఆవిడ కోలుకునేవరకూ పాప ఎక్కడ ఉండాలో మేం తేల్చాలి.

పాప ఏడవలేదు. "నాకు ఆంటీ ఇంటికి వెళ్ళాలి" అని మాత్రం అంటూ కూర్చుంది.

పాప వాళ్ళ ఇల్లు చూసి వచ్చిన మా సహోద్యోగి, అమెరికన్ ఆవిడ, ఫారంలో "తల్లి చెల్లెలు" అని రాసేసింది. ఆంటీ అంటే ఆవిడకు తెలిసిన అర్థం అదే మరి. బంధువైతే సాయంత్రంలోగా పిల్లను పంపేయవచ్చు. కాకపోతే ఇంటి తనిఖీ, వేలిముద్రలు, పైవాళ్ళ సంతకాలు. అవి అయ్యేదాకా పిల్ల ముక్కూ మొహం తెలియనివాళ్ళింట్లో ఉండాలి.

ఆ ఫారం నా బల్ల మీదికి వచ్చింది. నేను పాప పక్కన కూర్చున్నాను.

"ఆంటీ మీ అమ్మకి ఏమవుతారమ్మా? చెల్లా?"

"ఆంటీ అంటే ఆంటీ," అంది, ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసి. "మా డోర్ పక్కన డోర్. నా టూత్‌బ్రష్ కూడా అక్కడ ఉంది."

సూపర్‌వైజర్ నిర్ణయం నాకే వదిలేసింది. చూసీ చూడనట్టు సంతకం పెట్టేస్తే అడిగేవాళ్ళు లేరు. టూత్‌బ్రష్ మాట వినగానే ఆ ఇంట్లో పిల్ల క్షేమంగా ఉంటుందని నాకు తెలిసిపోయింది కూడా. కానీ భయం. రేపేదైనా జరిగితే, తనవాళ్ళ కోసం రూలు తప్పిందంటారని. దానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నాను గాని, వట్టి పిరికితనం. "బంధువు కాదు" అని దిద్ది సంతకం పెట్టాను.

గంట దూరంలో ఒక ఇంట్లో పాపను నేనే దింపి వచ్చాను. వాళ్ళు మంచివాళ్ళే. అయినా పాప మాట్లాడడం మానేసిందనీ, బ్రెడ్డు తప్ప ఏదీ ముట్టడం లేదనీ ఫోన్ చేశారు. నేను ఫైల్లో రాసుకున్నాను, అంతకన్నా ఏమీ చేయలేదు.

పదకొండు రోజులకు వాళ్ళమ్మ కోలుకుని పాపను ఇంటికి తీసుకెళ్ళింది. పాపను ఉంచుకోవడానికి పక్కింటావిడకు అనుమతి ఆ మర్నాడు వచ్చింది. భాష తెలియబట్టి పొరపాటు పట్టుకున్నానని ఆ ఏడాది రిపోర్టులో నన్ను మెచ్చుకున్నారు.

ఫైలు మూయడానికి చివరిసారి వాళ్ళింటికి వెళ్తే తలుపు తీసింది పక్కింటావిడే. నన్ను చూసి పాప ఆవిడ వెనక నక్కింది. ఆవిడ నన్ను కూర్చోమనలేదు.

"ఒక్కటి అడుగుతా, ఏమనుకోవద్దు మేడమ్. ఫస్ట్ వచ్చినామెకు తెలుగు ఒక్క ముక్క రాదు. చెల్లెలని రాసిందంట. మీరు దిద్దిన్రంట. మీకు గూడ తెలుగు రాకుంటే పిల్ల మా ఇంట్లనే ఉంటుండె గదండీ."

పాప వాళ్ళమ్మ సంతకం కావాలని మాత్రం చెప్పాను.