ఆరో పడవకు కొత్త చాప

మా అన్నయ్యను తలచుకుంటే ఇప్పటికీ నాకు ముందు కోపం వస్తుంది, ఆ తరవాతే కన్నీళ్ళు. చెడ్డవాడని కాదు. మంచివాడు కాబట్టే అంత కోపం.

పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. నేను ఏలూరులో మిషను వారి ఆడపిల్లల బడిలో టీచర్ని. అన్నయ్య తాడేపల్లిగూడెం స్టేషన్లో గూడ్సు గుమాస్తా. కాలవల ఆఫీసులో పనిచేసిన ఒక దొర తన దేశపు నమూనాతో చిన్న తెరచాప పడవలు ఆరు కట్టించి, కొల్లేటి గట్టున ఒక షెడ్డు వేయించి, సరదా తీరకుండానే ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఒకే కొలతకు కట్టిన పడవల్ని కలిపి క్లాసు అంటారని చెప్పింది ఆయనే. ఆ పిచ్చి అన్నయ్యకూ మరో అయిదుగురికీ అంటించి పోయాడు. వాళ్ళలో ఆకివీడు బడి మాస్టరు ఒకాయన, మిగిలినవాళ్ళు గుమాస్తాలు. పెళ్ళాలు తిట్టినా, జ్వరం కాసినా, శనివారం మధ్యాహ్నానికి కొల్లేటికి చేరాల్సిందే. ఆదివారం మాకు ఆరాధన కనుక పందెం శనివారమే.

పడవల్లో తేడా లేనట్టే తెరచాపల్లోనూ ఉండకూడదు. అందుకని ఆరు చాపలూ ఒకే తాను గుడ్డలోంచి, ఒకే చేత్తో కత్తిరించాలని నియమం. ఆ చెయ్యి నాది. పాత పత్రికలు అంటించి చేసుకున్న అచ్చు మీద గుడ్డ పరిచి కత్తిరించి, కుట్టు మిషను సూదులు విరగ్గొట్టుకుంటూ కుట్టేదాన్ని. షెడ్డులో ఎలుకల బాధ. పందెం అయ్యాక ఎవరి చాప వాళ్ళు మడిచి ఇంటికి పట్టుకుపోయేవారు.

ఇంతలో ఒకాయనకి నల్లజర్ల వైపు బదిలీ అయింది. ఆరు పడవలూ నీళ్ళ మీద తిరిగినంత కాలమే షెడ్డు మాకు ఉంచుతామని కాలవల ఆఫీసు వారి మాట. ఎందరిని బతిమాలినా ఒక్కడూ రాలేదు. అప్పుడు అన్నయ్యే అన్నాడు: “నువ్వు రావే. చాప కుట్టినదానివి, పట్టలేవా?”

పట్టాను. చీర గోచీ పోసి కట్టి, చుక్కాని చంకలో ఇరికించుకుని కూర్చుంటే, ఈశాన్యపు గాలికి చాప బిగిసి, తాడు అరచేతిని కోసేది. ఇంట్లో అమ్మ, బడిలో పెద్ద టీచరుగారు, గుళ్ళో పాస్టరుగారు. ఎవరూ నాకేమీ చెప్పని చోటు అదొక్కటే. లంకల్లో జాలర్లు మొదట్లో దోనెలు ఆపి నోరెళ్ళబెట్టి చూసేవారు. తరవాత్తరవాత “ఏవండీ టీచరు గారూ, అటేపు నాచు ఎక్కువగా ఉందండీ, ఇటు రండి” అని కేకేసి చెప్పేవారు. అలా రెండేళ్ళు. గెలిచింది తక్కువే. గెలవడం ఎవరిక్కావాలి!

మూడో ఏడు వానలు వెలిశాక అన్నయ్య వచ్చి, “ఆ అచ్చు ఇటియ్యవే. ఇక్కడైతే చెదలు పట్టేస్తుంది. గూడెంలో ఇనప్పెట్టెలో పెడతాను” అన్నాడు. ఎంత శ్రద్ధో అని మురిసిపోయి చుట్ట చుట్టి ఇచ్చాను.

ఆ ఏటి తొలి పందేనికి తను ముందు వెళ్తున్నానని కబురు పెట్టాడు. నేను చాప భుజాన వేసుకుని, అందరికీ పులిహోర కట్టుకుని, కాలవ పడవలో ఒక్కదాన్నే వెళ్ళాను. గట్టెక్కి చూద్దును కదా, ఆరు పడవలకీ చాపలు ఎత్తి కట్టి ఉన్నాయి. అయిదు కొల్లేటి నీటికి పచ్చబడ్డవి. ఒకటి మాత్రం తెల్లగా ఉంది, అదీ నా పడవ మీద. కాలవల ఆఫీసుకి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు అందులో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

అన్నయ్య ఎదురొచ్చాడు. “ఆయన సరదా పడ్డారమ్మా. మనతో చేరితే షెడ్డు కప్పు వేయిస్తానన్నారు. క్లాసు బతకాలి కదా.”

“ఆ చాప ఎవరు కుట్టారు?”

“బజార్లో టైలరు.”

“ఏ అచ్చు పెట్టి?”

అన్నయ్య నా చేతిలో పులిహోర మూట అందుకోబోయాడు.

ఒళ్ళు మండిపోయింది. ఒకే తాను, ఒకే చెయ్యి అని నా ప్రాణం తీసిన నియమం ఇప్పుడు ఏ గంగలో కలిసిందో! మిగిలినవాళ్ళు తలలు వంచుకుని వేసిన ముడులే మళ్ళీ వేస్తున్నారు. చివరికి ఆకివీడు మాస్టరు వచ్చి, “ఏమీ అనుకోకండి టీచరు గారూ. ఈ పూట పందేనికి జెండా మీరు ఊపుతారేంటండీ?” అన్నాడు. కూరలో కరివేపాకునైనా తీసి పారేస్తారు కానీ, దాని చేత వడ్డన చేయించరు.

ఊపాను. అంతమందిలో ఏడవలేక ఊపాను. ఆరు పడవలూ ఒక్కసారే కదిలాయి. నేను లేనందుకు నా పడవ ఏమీ తడబడలేదు, అందరితో పాటే వెళ్ళింది. అది చూడటమే అన్నిటికన్నా కష్టమైంది.

తిరుగు పడవలో అన్నయ్యా నేనూ ఒకే బల్ల మీద కూర్చున్నాం. “కోపమా?” అన్నాడు. నేను ఒళ్ళో చాప మడత సర్దుకున్నాను.

“వాళ్ళు చాలా జంకారమ్మా, టీచరు గారు బాధపడతారేమోనని. ఆ మాస్టరైతే అసలు వద్దంటే వద్దన్నాడు. నేనే ధైర్యం చెప్పాను. మా చెల్లెలు ఏమీ అనుకోదండీ, దాని సంగతి నాకు తెలుసండీ అని.”

ఎంతో మెచ్చుకుంటున్నట్టు చెప్పాడు. పరాయివాళ్ళు నా గురించి వెనకాడారు. పూచీ పడింది నా తోడబుట్టినవాడు.

నేను లేచి అవతలి బల్ల మీద కూర్చున్నాను. ఏలూరు వచ్చేదాకా అన్నయ్య నా వైపు చూస్తూనే ఉన్నాడు, తనేం తప్పు మాట అన్నాడో తెలియక.