బోణీ నెత్తురు

జనగామ బజారులో బేరమంటే నా తర్వాతే ఎవరైనా. గాజుల మలారం నెత్తినెత్తుకొచ్చే ఆమె మొదలుకొని బియ్యం మిల్లు సేటు దాకా, నేను నోరు తెరిస్తే ధర దించి పైగా మంచినీళ్ళు ఇచ్చి మరీ పంపేవారు. అంతటిదాన్ని, నా జీవితంలో కుదిరినవాటన్నిటిలోకీ మంచి బేరాన్ని, తాంబూలాలు పుచ్చుకోవడమొక్కటే మిగిలిన దశలో నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను. చెడగొట్టుకోవడానికి కూడా తెలివి ఉండాలని ఇంతకాలం కాస్త గొప్పగానే చెప్పుకుంటూ వచ్చాను.

మొన్న మా తమ్ముడి కూతురిని ఖాయం చేసుకోవడానికి మగపిల్లవాడి తరఫువాళ్ళు వచ్చారు. జాతకాల మాట ఇంకా రాకముందే పిల్లా పిల్లవాడూ ఫోన్లు తీసి ఒకరి రక్తపరీక్ష రిపోర్టు ఒకరికి చూపించుకున్నారు. మా పిల్ల రక్తంలో తలసేమియా లక్షణం దాగి ఉంది, అతని రక్తంలో లేదు, కాబట్టి పుట్టబోయేవాళ్ళకు ఆ జబ్బు భయం లేదు. "అంటే నీదే తేడా సరుకన్నట్టు" అని అతనంటే, "గట్లైతే చాయ తాగి పో మరి" అని మా పిల్ల అనేసింది. అందరూ నవ్వుకుంటూ భక్ష్యాలకు లేచారు. నేను మాత్రం నెయ్యి గిన్నె వెతికే నెపంతో వంటింట్లోకి వెళ్ళి, అది ఎదురుగా ఉన్నా చాలాసేపు వెతుకుతూనే ఉన్నాను.

మాది గిన్నెల దుకాణం. డిగ్రీ పూర్తి చేసి, నాయిన పక్కన కూర్చుని స్టీలు డబ్బాలు తూచుతున్న రోజుల్లో, హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ సూదులు మరిగించే గిన్నెలు కొనడానికి వచ్చింది. తరతరాలుగా కుటుంబాల్లో దిగుతూ వచ్చే రక్తపు జబ్బుల మీద ఆమె పరిశోధన. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు ఊళ్ళలో పాలిపోయిన పిల్లలు ఎక్కడున్నా వెతికి, ఆ పిల్లలదీ, తల్లిదండ్రులదీ, వీలైతే అవ్వాతాతలదీ నెత్తురు సేకరించాలి. ఆమె అడిగిన ధరకు మూతలేని గిన్నె కూడా రాదని నేను అరగంట వాదించి, చివరికి నా ధరకే ఆమెతో ఒప్పించిన తర్వాత, ఆమె డబ్బిస్తూ, ఊళ్ళలో ఎవరూ చేయి చాపడం లేదు, నువ్వు నాతో వస్తావా అని అడిగింది. నాయిన నవ్వి, "తీస్కపోండ్రి మేడం, గిరాకీలన్న మిగులుతరు" అన్నాడు.

ఆ ఉద్యోగంలో నా ఆస్తి ఒక ఐసు పెట్టె. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కితే, కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాలని చూసేవాడు. "పెట్టెల ఏందమ్మా, చేపలా?" అని ఒకసారి గట్టిగా అడిగితే, "నెత్తురన్నా" అని అంతకంటే గట్టిగా చెప్పాను. పక్క సీటు, ముందు సీటు, వెనక సీటు ఖాళీ. మహదేవపూర్ దాకా కాళ్ళు చాపుకుని పోయాను, టికెట్టూ కొట్టలేదు.

ఊళ్ళలో మాత్రం బేరం అంత తేలిగ్గా తెగేది కాదు. మా రక్తం పట్నంలో అమ్ముకుంటారట అనేవారు. నేను దుకాణం పద్ధతే పట్టుకున్నాను. పొద్దున మొదటి గిరాకీ కుదిరితే రోజంతా సాగుతుందని మా నమ్మకం, కాబట్టి ప్రతి ఊళ్ళోనూ బోణీ నాదేనని చెప్పి ముందు నా వేలే పొడుచుకునేదాన్ని. అది చూసి ఒకరిద్దరు కదిలేవారు. గోదావరి ఒడ్డు ఊరిలో ఒక అవ్వ మాత్రం కదల్లేదు. "వేలు సూపెడితె సాలదు బిడ్డా, మాకు తీసినంత నీకు తీస్కో. గప్పుడు సూద్దం" అన్నది. డాక్టరమ్మ నా చేతికి పట్టీ కట్టి ఒక చిన్న సీసా నిండా తీసింది. ఆ తర్వాత ఆ వాడంతా వరుసకట్టింది. సాయంత్రం నా సీసా పారబోయబోతే డాక్టరమ్మ ఒప్పుకోలేదు, కష్టపడి తీసిన నెత్తురు వృథా ఎందుకని దాని మీద కూడా నా పేరు రాసి పెట్టెలో పెట్టింది. ఏ తేడా మన జిల్లాల్లో ఎక్కువో తెలిస్తే రేపటి పిల్లలకు పరీక్ష చవకవుతుందని ఆమె చెప్పేది. చవక అన్నమాట నాకు వెంటనే ఎక్కేది.

అన్ని ఊళ్ళలోనూ గెలిచిన నేను ఓడిపోయింది ఒక్క మానుకోట పిల్ల దగ్గరే. అప్పటికింకా బడికి పోయే ఈడు రాలేదు. నెలనెలా రైల్లో వరంగల్ తీసుకుపోయి రక్తం ఎక్కించాలి. ఎక్కించే గడువు దగ్గరపడితే గోడకానుకుని పలకకుండా కూర్చునేది, ఎక్కించిన మర్నాడు తొక్కుడుబిళ్ళాడి ఊరంతా తనదే చేసుకునేది. సూది తీయగానే, "గియ్యాల సూది పెద్దగున్నది, చాక్లెట్లు ఎక్కువియ్యాలె" అని చేయి చాపేది. పోయినసారి సూదే కదా అంటే, "గప్పుడు నేను చిన్నగున్న" అనేది. సంచీ అంతా ఖాళీ చేసి పోయేదాన్ని.

ఆ పిల్ల తల్లిదండ్రులది మేనరికం. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ లక్షణం లోపల ఉంది, పైకి ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి జంటకు పుట్టే బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక పాలు అవకాశం. నేను వెళ్ళేనాటికి వాళ్ళ చంటివాడు కూడా పాలిపోతున్నాడు. "మొదటిది గిట్లైంది గదా, మా వంతు తీరిపోయిందనుకున్న అక్కా" అన్నది ఆ తల్లి, పిల్లవాడిని జోకొడుతూ. "దేవుడు మళ్ల మొదటికెళ్లి లెక్కవెట్టిండు." డాక్టరమ్మ ఎంత వివరించినా నాకు ఎక్కని సంగతి ఆ ఒక్క మాటతో ఎక్కింది. ప్రతి కాన్పుకూ ఆ నాలుగు పాళ్ళు మళ్ళీ కొత్తగానే పరుచుకుంటాయి.

నా సీసా ఫలితం ఆ తర్వాతే వచ్చింది. నాకూ ఆ లక్షణం ఉంది.

నన్ను పుట్టినప్పుడే మేనమామ కొడుక్కని అనుకున్నారు. మా దుకాణాల వాళ్ళలో మేనరికమంటే గల్లాలోని సొమ్ము గల్లాలోనే ఉన్నట్టు. అయితే నాకు అది పెద్దలు కుదిర్చిన మాట మాత్రమే కాదు. పాలకుర్తిలో ఎరువుల దుకాణం నడిపే బావ, సరుకు కోసం జనగామ వచ్చిన ప్రతిసారీ మా దుకాణం ముందు ఆగి, కొననే కొనని చెంబుకు బేరమాడి పోయేవాడు. ఆ చెంబును నేను ఎవరికీ అమ్మలేదు. పరీక్షకు నెత్తురు ఇమ్మని అడిగితే వెంటనే చొక్కా చేయి మడిచి, మళ్ళీ దించేశాడు. "అడగంగనే ఇస్తే నీ మనసు నిండదు పిల్లా. జరసేపు బేరం చెయ్యి" అన్నాడు. చేశాను. నవ్వుతూనే ఇచ్చాడు.

అతనికీ ఉంది.

అమ్మతో చెప్పాను. "నాలుగింట్ల ఒకటేనాయె, మూడు మంచియేనాయె. గింత మంచి బేరం ఎవలన్న ఇడుస్తరా?" అన్నది. గిన్నెల మోపులో ఒకటి సొట్టదొస్తే మిగిలినవి అమ్ముకుని లాభం తీసే ఇంట్లో పెరిగిన మనిషి, ఆమె తప్పు లేదు. మానుకోట తల్లి మాట చెప్పాను, వినలేదు. ఈ పెళ్ళి నేను చేసుకోనంటే మంచం పట్టింది. మామ వచ్చి, మా వంశంలో రోగమేందని డాక్టరమ్మ మీద కేకలేసి పోయాడు.

బావను జనగామ బస్టాండులో కలిశాను. చెప్పవలసిందంతా కూడబలుక్కుని వెళ్ళి, మానుకోట పిల్ల చాక్లెట్ల బేరం దాకా వచ్చి ఆగిపోయాను. అతను పాలకుర్తి బస్సు ఒకటి పోనిచ్చాడు, ఇంకొకటి పోనిచ్చాడు. "ఆ పిల్ల అసొంటిది మనకు పుడితే, నువ్వు దానితోటి బేరంల గెల్వలేవు" అన్నాడు చివరికి. "అత్తమ్మను లేపి ఇంత అన్నం పెట్టు. మాట నా మీద ఏస్కుంట." మూడో బస్సెక్కి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు వాళ్ళ నాయినతో, జనగామ పిల్ల నాకు వద్దని చెప్పేశాడట. నన్ను ఎలాగో ఒప్పించేదాన్నే, వాడే చెడగొట్టాడని అమ్మ కోపమంతా నా మీద నుంచి అటు మళ్ళింది, లేచి కూర్చుని అన్నం తిన్నది. తర్వాత తన సొంత అన్న గడప చాలా ఏళ్ళు తొక్కలేదు. ఇచ్చిన మాట తప్పి నా బిడ్డను కాదన్నాడని బావను పెళ్ళిళ్ళలో పదిమంది ముందు ఎత్తిపొడిచేది. అతను విస్తరి ముందు తలవంచుకుని తినేవాడు. మా చెల్లెళ్ళకు ఇంకా సంబంధాలు చూడాలి, నలుగురిలో ఇంటి నెత్తురు సంగతి ఎత్తకూడదని నేను నోరు మెదపలేదు. అన్ని బజార్లలో గెలిచిన నోరు ఆ విస్తళ్ళ దగ్గర మాత్రం పెగల్లేదు.

ఆనాడు ఊళ్ళలో దాక్కుని తిరిగిన సంగతిని ఈనాటి పిల్లలు ఫోనులో చూపించి నవ్వుకుంటున్నారు. ఇద్దరికీ లక్షణం ఉన్నా, బిడ్డ కడుపులో ఉండగానే తొలి నెలల్లో పరీక్ష చేయించుకోవచ్చని పెద్ద దవాఖానలో చెబుతున్నారు. అప్పుడు ఆ మాట మా దాకా రాలేదు. వచ్చి ఉంటే ఏమి చేసేదాన్నో అని ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తాను.

ఇక బిల్లు వేస్తాను, తూకంలో వేలు పెట్టకుండా. నాకు దక్కింది: మంచి మనిషితో కాపురం, సూదులంటే ఏమిటో తెలియకుండా పెరిగిన ఇద్దరు పిల్లలు. బావకూ అంతే, పిల్లలు చల్లగా ఉన్నారు. ఒక బిడ్డను నెలనెలా ఏడవకుండా కాపాడానని రాసుకుందామంటే, పుట్టని బిడ్డను ఏ పద్దులో రాయను? మా ఇద్దరికీ పుట్టి ఉంటే, నలుగురికి నలుగురూ జబ్బు లేనివాళ్ళే అయ్యేవారేమో, ఎవరికి తెలుసు? మానుకోట పిల్ల ఏమైందో, పరిశోధన ముగిశాక అడగడానికి భయపడి అడగనేలేదు. అది ఖర్చులోకే రాయాలి. అమ్మ పోయింది, బావ నన్ను కాదన్నాడనే అనుకుంటూ పోయింది. కాదన్నది నేను, మాట పడ్డది ఆయన. అన్నీ కూడి, అన్నీ తీసేసి చూస్తే, ఆ బేరంలో నేను నష్టపోలేదు. నా వంతు కూడా ఆయనే కట్టాడు.