గూడు కట్టిన ట్రాలీ

గౌరీబాయికి బస్సు పడదు. తండా నుంచి సూర్యాపేట కూతవేటు దూరం. ఆ కాస్తలోనే కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేది. అలాంటి మనిషికి తోడబుట్టిన అక్కేమో రాష్ట్రం దాటి, హుమ్నాబాద్ అవతల ఏదో తండాలో కాపురం. పెళ్లయి వెళ్లిన ఆ అక్క, రంగి, తల్లి చావుకు ఒకసారి వచ్చి పోయింది, అంతే. ఎంతైనా ఆడపిల్లల్ని ఇచ్చేవాళ్లు దారి చూసి ఇవ్వాలి, ఎవరు చూస్తారు?

గౌరీబాయి మొగుడు రెడ్యా మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ట్రాక్టరు నడిపేవాడు. వడ్ల బస్తాలు, ఊక, తవుడు, ఇదే అతని లోకం. పిల్లలు లేరు. వాళ్లిద్దరే ఒకరికొకరు. ఎనభై ఆరులో, ఎండాకాలం పంట మిల్లులకు చేరి పని సద్దుమణిగాక, ఖాళీ ట్రాలీ మీద కూర్చుని కాళ్లు ఊపుతూ గౌరీబాయి ఒక మాట అంది. ఇంట్లో వాళ్లది లంబాడీ భాషే, మనం తెలుగులో చెప్పుకుందాం.

"దీని మీద కూసుంటే నాకు కడుపుల తిప్పదు సూడు. అక్క కాడికి గిట్లనే పోదాం."

"ట్రాక్టరు మీదనా? పిచ్చిగిట్ల లేసిందా? మూడు దినాలు పడతది."

"పడనీ. నాకేమన్న ఎవుసం పాడైతున్నదా?"

రెడ్యా నవ్వాడు. కానీ ఆ మాట చెప్పులో రాయిలా పట్టుకుంది. మర్నాటి నుంచి అతనే మొదలుపెట్టాడు.

మిల్లు సేటు వాడకుండా వదిలేసిన పాత ట్రాలీకి గూడుబండి మీద ఉన్నట్టు గూడు కట్టాలి, పైన నీలం పట్టా కప్పాలి. లోపల పడుకోవడానికి పరుపు, ఒక మూల కిరసనాయిలు స్టవ్వు, నీళ్ల డ్రమ్ము కదలకుండా గొలుసు. కోదాడలో వెల్డింగు చేసే ఈదయ్య దగ్గరికి పోయి ఇనుప కమానులు వంచమన్నాడు.

"ఏందిది రెడ్యా, పెళ్లికూతురుకి పల్లకీ కడుతున్నావా?" అన్నాడు ఈదయ్య.

"మా ఆమె సుట్టాలింటికి పోతదన్నా."

"ఇంత ఎత్తెందుకయ్యా?"

"లోపల నిలబడి సీర సర్దుకోవాలంట."

ఏ ఊళ్లో ఆగాలి, ఎక్కడ నీళ్లు మంచివి, పట్నం ఏ వేళకు దాటాలి, అన్నీ ఫూల్‌సింగ్ చెప్పేవాడు. అతను మేళ్లచెరువు నుంచి సిమెంటు లోడు వేసుకుని ఆ దిక్కుకే పోయే లారీ డ్రైవరు, రంగి తండా మీదుగానే అతని దారి. గౌరీబాయి పొయ్యి ముందు బొగ్గుతో గీత గీసి, ఆగే చోటల్లా ఒక చింతగింజ పెట్టేది. పొద్దున ఊడ్చేసేది, సాయంత్రం మళ్లీ గీసేది. తను ట్రాలీ వెనక అంచున కూర్చుంటానంది. "నువ్వు ముందట సూడు, నేను ఎనక సూస్త. ఇద్దరం కలిస్తే తొవ్వ మొత్తం సూసినట్టు." అక్క కోసం అద్దాల రవిక కుట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టింది.

ఇక లంబాడీల్లో ఒక పద్ధతి ఉంది. చాలాకాలానికి కలిసిన ఆడవాళ్లు "బాగున్నవా" అని అడగరు. మెడలు కావలించుకుని, రాగం తీసి ఏడుస్తారు. ఏ దారిన వచ్చావు, ఎన్ని ఎండలు పడ్డావు, నన్నెలా మరిచావు అని పాటలోనే అడుగుతారు. ఆ ఏడుపు అయితే గానీ మంచినీళ్లు కూడా ఇవ్వరు. మగవాళ్లు పక్కన నిలబడి తలపాగాలు సర్దుకుంటారు. చావింట్లోనూ దాదాపు అదే రాగం, మాటలే వేరు. గౌరీబాయి రొట్టెలు చేస్తూ అక్కతో ఏడవబోయే పాటను కూనిరాగం తీసేది.

పోదామంటే పోవడం అయిందా? ఒక ఏడు కాలువ నీళ్లు ఆలస్యమై మిల్లు పని ఎండాకాలమంతా సాగింది. ఇంకో ఏడు ట్రాక్టరు ఇంజను విప్పారు. ప్రతిసారీ ఫూల్‌సింగ్ అటు పోయి "వచ్చే ఏడు వస్తరంట" అని చెప్పేవాడు. అటు నుంచి "నీలం పట్టా గూడు చూస్తే గుర్తుపడత, అంతదూరం నుంచే ఎదురొస్త" అని రంగి మాట తెచ్చేవాడు.

తొంభైలో గౌరీబాయికి కామెర్లు వచ్చాయి. నాటుమందు, తర్వాత సూర్యాపేట దవాఖాన. బస్సు పడదని ఆ గూడు ట్రాలీలోనే తీసుకుపోయాడు. అందులో ఆమె చేసిన ప్రయాణం అదొక్కటే. తిరిగి అందులోనే తెచ్చాడు.

తండా ఆడవాళ్లు వచ్చి ఏడ్చారు. తర్వాత ఎవరి చేలకు వాళ్లు పోయారు. పోక ఏం చేస్తారు?

ఫూల్‌సింగ్ వచ్చి పక్కన కూర్చుని, "రంగి వదినకు చెప్తనన్నా, నేను ఎల్లుండి పోతున్న," అన్నాడు.

"చెప్పకు," అన్నాడు రెడ్యా. "చావు కబురు అయినోడే మోసుకపోవాలె. నేను పోయి చెప్త."

మాట సబబే. కానీ అతను పోలేదు. ఆ ఏడు పోలేదు, పై ఏడూ పోలేదు. కమానులకు రంగు వేశాడు, పట్టాకు కొత్త తాళ్లు కట్టాడు, బొగ్గు గీత గీసి చింతగింజలు పేర్చాడు. జనం వీడికి మతి పోయిందన్నారు. మతి పోలేదు, అతని బాధ అతనికే తెలుసు. ఇక్కడ అందరికీ గౌరీబాయి పోయిన మనిషి. అక్కడ, రంగి ఇంట్లో, ఆమె ఇంకా రాబోయే చుట్టం. ఆ ఒక్క ఇంట్లోనైనా ఆమె బతికి ఉండాలని అతని ఆశ. చెప్పిన రోజున ఆ ఒక్కటీ పోతుంది.

తొంభై రెండు ఎండాకాలంలో ఫూల్‌సింగ్ వచ్చి కోపంగా అన్నాడు. "అన్నా, ఆమె ఈ ఏడు కూడ ఇల్లు అలికింది. సాయంత్రమైతే రోడ్డు మీదికొచ్చి కూసుంటున్నది. లారీ ఆపితే నా మొఖం సూస్తది. నేనింక అబద్ధం ఆడలేనన్నా. ఇది పాపం."

రెడ్యా మర్నాడే మిర్యాలగూడ పోయి మిల్లు సేటును ట్రాక్టరు అడిగాడు.

పరుపు వేశాడు, నీళ్లు నింపాడు, రవిక మడిచి పెట్టాడు. అన్నీ ఆమె చెప్పినట్టే, ఆమె చెప్పిన చోటే. దారి పొడుగునా తాళ్లు వదులయ్యాయేమో అని ట్రాక్టరు ఆపి వెనక్కి పోయి చూసేవాడు. తాళ్లు బాగానే ఉండేవి. వెనక అంచున ఎవరూ ఉండేవారు కాదు. ఊరూరా స్టవ్వు ముట్టించి ఒక్కడే వండుకున్నాడు.

రాష్ట్రం సరిహద్దు దగ్గర చెక్‌పోస్టు మనిషి పట్టా ఎత్తి చూశాడు.

"లోపల ఎవరూ లేరుగా. ఈ గూడు ఎవరికోసం?"

"మా ఆమె కోసం," అన్నాడు రెడ్యా. ఆ మనిషి ఇంకేం అడగకుండా పోనిచ్చాడు.

పొద్దువాలుతుండగా రంగి తండా కనిపించింది. దారిలో "వదినా, మీ చెల్లె..." అని ఎన్నిసార్లు అనుకుని చూసుకున్నాడో. ట్రాక్టరు ఇంకా ఆగకముందే నీలం పట్టా చూసి, ముసలిదైపోయిన రంగి చేతులు చాచి పరిగెత్తుకొచ్చింది. వెనక తండా ఆడవాళ్లంతా. రాగం అప్పటికే ఎత్తుకుంది. ఏ దారిన వచ్చావే చెల్లె, నీ కాళ్లెంత నొచ్చెనే చెల్లె.

"వదినా," అన్నాడు రెడ్యా దిగి.

రంగి అతని వైపు చూడలేదు. చెల్లెల్ని కలవక ముందు మొగవాళ్లతో మాటేమిటి? అతన్ని దాటుకుని ట్రాలీ వెనక్కి పోయి పట్టా ఎత్తింది.

పరుపు, డ్రమ్ము, స్టవ్వు, మడిచిన అద్దాల రవిక.

పట్టా ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తిరిగి రెడ్యా మొహం చూసింది. అతను దారంతా కూడబెట్టుకున్న మాట అక్కర్లేకపోయింది.

వెనక ఉన్నవాళ్లకు ఇంకా తెలియదు, వాళ్లు పాడుతూనే ఉన్నారు. రంగి కూడా ఆపలేదు. అదే రాగం, మాటలే మారాయి. ఆ మారిన మాటలు వినగానే ఒక్కొక్కరే గొంతు మార్చారు. ఆమె ట్రాలీ అంచున, గౌరీబాయి కూర్చుంటానన్న చోటే కూలబడి, మగవాడని చూడకుండా రెడ్యా మెడ పట్టి దగ్గరికి లాక్కుంది. రెండేళ్లలో అతను ఏడ్చింది అప్పుడే. అప్పటిదాకా ఒక్క ఇంట్లో బతికి ఉన్న గౌరీబాయి, ఆ సాయంత్రం అక్కడ కూడా చనిపోయింది.