బాండు రోజులు లెక్కకు రావు

"పొలం గట్టు ఇచ్చేసి నన్ను బయటికి తెచ్చుకుంటావేంటే?" అన్నాడు మా ఆయన, జైలు ములాఖత్‌లో ఇనప జాలీకి అవతల నుంచి.

"ఇచ్చేస్తాను. గట్టుతో కాపురం చేస్తానా ఏంటి?" అన్నాను.

నవ్వబోయాడు, దగ్గు తెర వచ్చింది. టైమైపోయిందని వార్డరు లేపేశాడు. మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది.

ఆ గట్టు మాకున్న చిన్న కొబ్బరి తోటకీ పక్క తోటకీ మధ్యది. పక్క తోట ఆసామి మా ఆయనకు వరసకి బాబాయి. నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి, మా ఆయన పార తిరగేసి ఆయన తల పగలగొట్టాడు. కోర్టులో నేరం రుజువైంది. మొదటి తప్పు, కాయలు వలుచుకు బతికే కూలివాడు అని జడ్జిగారు జైలుకు పంపలేదు. మంచిగా ఉంటానని బాండు రాయించుకుని, ప్రొబేషను ఆఫీసరు కింద పెట్టి వదిలేశారు. నెలనెలా వెళ్లి కనపడాలి, కొత్త కేసుల్లో ఉండకూడదు, చెప్పకుండా జిల్లా దాటకూడదు. ఏది తప్పినా అప్పుడు ఆపిన శిక్ష వేస్తామని కూడా అందులో ఉంది.

ఆయన బుద్ధిగానే ఉన్నాడు. తాగుడు మానేశాడు. ఒక్క నెల కూడా ఆఫీసరుకు కనపడకుండా లేడు. కానీ మాకు యానాం అంటే పరాయి ఊరు కాదు. మురమళ్ళ దాటి వంతెనెక్కితే యానాం. స్టవ్వు బాగుచేయించడానికీ వెళ్తాం, సినిమాకీ వెళ్తాం. అక్కడ జిల్లాయే కాదు, రాష్ట్రమే వేరన్న సంగతి మందు ధర దగ్గర తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఆయన పనిచేసే కొబ్బరి కొట్టు యజమాని ఇంట్లో ఫంక్షనొచ్చింది. "నువ్వెలాగూ తాగవు కదరా, దారిలో మూత తియ్యవు" అని ఎకసెక్కంగా యానాం నుంచి మందు తేవడానికి ఈయన్నే పంపాడు. సంచి నిండా సీసాలతో వంతెన ఇవతల పట్టుబడ్డాడు. యజమాని తనకేం తెలియదన్నాడు. సీసాల కేసు ఒకటి, చెప్పకుండా దాటడం ఒకటి. ఆఫీసరు కోర్టుకు రాశాడు. కోర్టు పాత శిక్ష వేసింది.

పీచు దుమ్ము పీల్చిన రొమ్ము, లోపలికి వెళ్లాక ఆయాసం ముదిరింది. ఇంటికి తెచ్చుకుని కాకినాడలో చూపించాలని నా పట్టుదల. పెరోల్ మీద కొన్నాళ్లు ఇంటికి పంపుతారని ములాఖత్ లైనులో ఆడవాళ్లు చెప్పారు. ఊరి పోలీసుల రిపోర్టు బాగుండాలి, దెబ్బ తిన్నవాడు అడ్డం చెప్పకూడదు అన్నారు. నేను అంతవరకే విన్నాను. తిన్నగా ఆ బాబాయి ఇంటికి వెళ్లాను.

"రామ్మా, కూర్చో" అన్నాడాయన. తల మీద కుట్లు పడ్డచోట జుట్టు మళ్లీ మొలవలేదు.

"మావయ్యగారూ, పోలీసులొచ్చి అడిగితే మీకేం అభ్యంతరం లేదని చెప్పండి. మనిషి ఆయాసంతో ఉన్నాడండి."

"చెబుతానమ్మా. నాకు మాత్రం పగేంటి? ఆ గట్టు సంగతి కూడా ఓ మాట అనేసుకుంటే బాగుంటాది."

ఆ సంగతే ఆ ఆఖరి ములాఖత్‌లో మా ఆయనకు చెప్పాను. తిరిగొచ్చి పెద్దమనుషుల ముందు గట్టు వదిలేశాను. బాబాయి తనకు అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం పెట్టాడు. అది పట్టుకుని అమలాపురంలో ప్లీడరుగారి దగ్గరికి వెళ్లాను.

ఆయన చదివి పక్కన పెట్టాడు. "ఇదంతా ఇప్పుడెందుకు చేశావమ్మా? పెరోల్‌కి ముందు అర్హత రావాలి. శిక్షలో కొంత భాగం లోపల గడవాలి. రిపోర్టులూ అవీ ఆ తర్వాత."

"గడిచింది కదండి బాబూ. బాండు రాసిన కాడ్నుంచి రెండేళ్ల పైనే అయిందండి."

"అది శిక్ష కాదమ్మా, శిక్ష ఆపి ఉంచిన కాలం. రిమాండులో ఉన్న రోజులు శిక్షలో కలుస్తాయి. బాండు మీద ఇంట్లో ఉన్నవి కలవవు. మీ ఆయనకి శిక్ష మొదలైందే మొన్న."

"మరి అన్నాళ్లూ బుద్ధిగా ఉన్నాడు కదండి. అదెక్కడికి పోయిందండి?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడికీ పోలేదు. లెక్కలోకి రాదంతే. పైగా ఒకసారి బాండు తప్పేడంటే, రేపు పెరోల్ అడిగినప్పుడు అదీ చూస్తారు. జబ్బు మీద అడిగే దారి వేరే ఉంది. దానికి లోపలి డాక్టరు రాయాలి. అర్జీ వేద్దాం."

"ఆయ్, వెయ్యండి" అన్నాను.

అర్జీ వెళ్లింది. జవాబు రాకముందే ఫోను వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో పోయాడట. పోస్టుమార్టం అయ్యాక అంబులెన్సులో తెచ్చారు. బాబాయి వచ్చి పాడె పట్టాడు. నేను వద్దనలేదు.

ములాఖత్ లైనులో ఇప్పుడు కూడా ఎవతో ఒకత్తె, పక్కవాళ్లు చెప్పేది నాలాగే సగం విని పరుగెత్తబోతూ ఉంటుంది. ఈ మాట ఆమెకే. ఎవరి గుమ్మం తొక్కకముందే, ఏదీ వదులుకోకముందే, జైలు ఆఫీసులోనో ప్లీడరు దగ్గరో అడుగు: మా మనిషికి శిక్ష ఏ రోజు నుంచి లెక్కేస్తున్నారు, పెరోల్ అడిగే అర్హత ఏ రోజున వస్తుంది అని. ఆ తేదీ వాళ్ల నోటితో చెప్పించుకుని అప్పుడు కదులు. బయట మంచిగా గడిపిన కాలాన్ని చూసుకుని ధైర్యపడకు.

రాశావా అమ్మాయ్? నేనన్నట్టే రాశావా, నీ కాలేజీ మాటలేవైనా కలిపావా? ఏదీ, ఆ తేదీ అడగమన్న ముక్క ఒకసారి చదివి వినిపించు.